నోడ్ 1కి పసుపు నీళ్ళు

రోజు 1

ఎండ ఎక్కువ. గాలి లేదు. మందలో నూట అరవై మూడు గొర్రెలు, నాలుగు మేకలు, ఒక కుక్క. ఉదయం ఆరింటికి మందని విప్పి వాగు దాకా తోలాలి, పదకొండింటికి నీడకి చేర్చాలి, మూడింటికి మళ్ళీ విప్పాలి. అదంతా జంగయ్య పని. నా పని వెనక నడవడం.

మా పాలిటెక్నిక్ నుంచి ఐటీ ఇంటర్న్‌షిప్‌కి ఇరవై మందిని పంపారు. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసి తేల్చారు. ఆరుగురికి బస్సు నెట్ వచ్చింది. ఇద్దరికి కృష్ణలో పడవ నెట్ వచ్చింది. నాకు మంద నెట్. నేను లాప్‌టాప్ సంచితో, తెల్ల బూట్లతో దిగాను.

జంగయ్య బూట్లని చూశాడు. అరవై దాటినవాడు. తలకి రుమాలు, భుజాన గొంగడి.

"గివి ఎవరికి బిడ్డా? నీకా, గొర్లకా?"

"నాకే తాతా."

"సాయంత్రం దాకా ఉంటే అడుగు."

సాయంత్రానికి ఎడమ బూటు అడుగు ఊడింది.

ఉండటానికి కిష్టమ్మ ఇంట్లో గది ఇచ్చారు. కిష్టమ్మకి రెండెకరాల చేను, మూడు నెలల మనవరాలితో పుట్టింట్లో ఉన్న కూతురు సువర్ణ. రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు. మూడు రొట్టెలు తిన్నాను.

రోజు 2

ఎండ. వాగులో నీళ్ళు మోకాలి కిందికి.

టవర్లు పోయినప్పటి నుంచీ ఈ జిల్లాలో సిగ్నల్ ఉండేది గొర్రెల మెడల్లోనే. ప్రతి గొర్రెకీ ఒక పట్టీ. గొర్రె నడిస్తే పట్టీ చార్జి అవుతుంది. ఒక పట్టీ మాట ఇంకో పట్టీ అందుకుంటుంది. అన్నిటి మాటా పోగుచేసి గుట్ట మీది పెట్టెకి పంపేది మాత్రం ఒక్కటే, నోడ్ 1. అది నల్లమూతి పొట్టేలు. రెండేళ్ళుగా ఆ పట్టీ దాని మెడలోనే ఉంది. జంగయ్య దాన్ని దొర అని పిలుస్తాడు. పిలిస్తే రాదు. దొర కాబట్టి రాదని ఆయన అంటాడు.

ఫోన్ మాట్లాడాలంటే ఎవరైనా మందలోకి రావాల్సిందే. పొద్దున్నే పదిహేను మంది వచ్చారు. పక్క ఊరి అబ్బాయి ఒకడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోన్‌లో పెళ్ళిచూపులు. రెండు మాటలు అయ్యాయో లేదో మంద సుబాబుల్ చెట్ల వైపు కదిలింది. అతనూ కదిలాడు. కంచెలో దూరాడు. చొక్కా చిరిగింది.

"ఎటు పోతున్నవ్?" అని ఫోన్‌లో అమ్మాయి అడిగింది.

"గొర్లు ఎటు పోతే గటు."

"ఎందాక?"

"తెల్వదు."

తల్లి వెనక నుంచి, "ముఖం సక్కగ పట్టరా, పిల్ల నీ చెవి చూస్తున్నది" అని అరిచింది.

రోజు 4

మబ్బు పట్టింది, వాన లేదు.

మొన్న రాత్రి దొర నిద్రపోతుండగా మేక ఒకటి దాని మెడపట్టీ వైరు నమిలేసింది. ఊళ్ళో అందరి ఫోన్లూ ఆగిపోయాయి. నేను వైరు కోసి అతికించాను. పని చేయలేదు. మళ్ళీ కోశాను. మొత్తం ముప్పై ఆరు గంటలు పట్టింది.

ఇది ఇక్కడ రాసిపెట్టుకోవాలి. ఇంటర్న్‌షిప్ ముప్పై రోజులు. నోడ్ 1 అందులో తొంభై శాతం నడవాలి. అంటే మొత్తం మీద డెబ్బై రెండు గంటలకి మించి ఆగకూడదు. మించితే ఫెయిల్, ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇంట్లో నా చదువు ఆపేస్తారు. నాన్న ఆ మాట బస్టాండులో రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నవ్వలేదు.

సగం గంటలు మేక తినేసింది.

రోజు 6

తెల్లవారుజామున జల్లు. గొర్రెలన్నీ ఒళ్ళు విదిలించుకున్నాయి. దొర విదిలించుకోలేదు. తడిసి, నీళ్ళు కారుతూ, రాయిలా నిలబడింది.

జంగయ్యని అడిగితే దొరతనం అన్నాడు. పట్టీ తాలూకు పుస్తకం తీసి చూశాను. గొర్రె ఒళ్ళు విదిలిస్తే లైను తెగుతుంది. తెగకుండా ఆఫీసు వాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. విదిలించినప్పుడల్లా మెడ దగ్గర చిన్న కరెంటు చురుక్కుమంటుంది. చిన్న పట్టీల్లో ఇది లేదు, నోడ్ 1కే ఉంది. దొర రెండేళ్ళ కిందటే విదిలించుకోవడం మానేసి ఉంటుంది.

దొర మెడలోని పట్టీ కిందికి నా వేలు దూర్చి ఊపి చూశాను. చురుక్కుమంది. పెద్ద నొప్పి కాదు. రెండోసారి ఊపాలనిపించలేదు.

రోజు 9

ఎండ. ఈ వారం మంద కిష్టమ్మ చేలో కట్టారు. మంద కడితే చేనుకి ఎరువు, ఇంటికి సిగ్నల్. అందుకని ఊళ్ళో వంతుల కోసం తగాదా. కిష్టమ్మ వంతు ముందుకి ఎలా వచ్చిందో నాకు ఇవాళ తెలిసింది.

పొద్దున ఆమె పసుపూ కుంకుమా తెచ్చి దొర నుదుటికి పెట్టింది. దండం పెట్టింది.

"ఎందుకవ్వా?" అన్నాను.

"ఈదమ్మకు మొక్కిన బిడ్డా. జాతర ఇంక పది దినాలే."

మూడు నెలల కింద సువర్ణకి నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. అకాల వానకి వాగు పొంగి బండి దాటలేదు. డాక్టరమ్మ ఫోన్‌లో చెప్తానంది కానీ ఇంట్లో సిగ్నల్ లేదు. జంగయ్య దొరని మెడపట్టుకుని ఇంట్లోకి, మంచం పక్కకి తెచ్చి నిలబెట్టాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు మంత్రసాని చేసింది. రెండు గంటలు దొర కదల్లేదు. బిడ్డ బతికింది, తల్లి బతికింది. కిష్టమ్మ అప్పుడే, ఆ గదిలోనే, ఈ పొట్టేలునే ఇస్తానని అమ్మవారికి మొక్కింది. జంగయ్య సరేనన్నాడు, మొక్కినామె చేలోనే మంద ముందు కట్టాలని వంతు కూడా ఇచ్చాడు.

"వేరేది ఇయ్యొచ్చు కదా అవ్వా?"

"డాక్టరమ్మను తెచ్చింది వేరేదా?"

రోజు 10

జిల్లా ఆఫీసుకి ఫోన్ చేశాను. నా పని చూసేది ప్రసూన మేడం. దొర పక్కనే నిలబడి మాట్లాడాను.

"మేడం, నోడ్ 1 పందొమ్మిదో రోజు పోతుంది."

"పోతుందా? తేదీ ముందే ఎలా తెలుసు?"

"మొక్కు ఉంది మేడం."

ఫారం నింపమంది. నోడ్ పోవడానికి కారణం అన్నచోట మూడే గళ్ళున్నాయి. వ్యాధి, దొంగతనం, తోడేలు.

"తోడేలు అని పెట్టు" అంది.

"ఊరంతా కలిసి వండుకుంటారు మేడం."

"కొత్త పొట్టేలుకి రిజిస్ట్రేషన్ చేయాలంటే మా మనిషి సీలు పట్టుకుని రావాలి. అతను నీ ముప్పయ్యో రోజుకి గానీ రాలేడు. ఈలోపు ఆ పట్టీ ఇంకో గొర్రెకి వేస్తే పని చేయదు. దొంగలు ఎత్తుకెళ్ళకుండా దానికి నాడి చూసే ఏర్పాటుంది. నాడి మారితే ఆగిపోతుంది."

"మరి నా ఇంటర్న్‌షిప్ మేడం?"

"వాళ్ళతో మాట్లాడి చూడమ్మా."

ఫోన్ పెట్టేశాక ఆలోచించాను. ఆఫీసు వాళ్ళు మందలో అన్నిటికన్నా బలమైన పొట్టేలుని ఏరి పట్టీ కట్టారు. అమ్మవారికి మొక్కేవాళ్ళూ అన్నిటికన్నా బలమైనదాన్నే ఏరుతారు. ఈ రెండు సంగతులూ ఒక్క మనిషికి తెలిసి ఉంటే సరిపోయేది. జంగయ్యకి తెలుసు. అతన్ని ఎవరూ అడగలేదు.

రోజు 13

వడగాలి. మధ్యాహ్నం నీడలో కూడా గొర్రెలు ఒగరుస్తున్నాయి.

కిష్టమ్మతో మాట్లాడాను. జాతర తర్వాత రెండు వారాలకి ఇవ్వకూడదా అన్నాను. ఆమె రొట్టె కాలుస్తోంది.

"నువ్వు పరీక్ష రెండు వారాలు ఆగి రాస్త అంటే మీ సారు ఒప్పుకుంటడా?"

"ఒప్పుకోడు."

"మరి?"

ఇంకో రొట్టె వేసింది. వద్దన్నాను. వేసింది.

జంగయ్యని అడిగాను. "అమ్మవారు ఒప్పుకోకపోతే ఏం చేస్తారు తాతా?"

"ఒప్పుకోకుంట ఎట్లుంటది? పసుపు నీళ్ళు సల్లుతరు. పొట్టేలు ఒళ్ళు ఇదిలిస్తది. ఇదిలిస్తే అమ్మ తీసుకున్నట్టు."

"విదిలించకపోతే?"

"నేను పుట్టిన సంది సూడలే."

ఇవాళ లాగ్‌లో ఇంకేం రాయాలని లేదు.

రోజు 19

ఎండ. జాతర. మందని జంగయ్య తమ్ముడు తోలుకుపోయాడు.

ఎనిమిదింటికి దొరకి స్నానం చేయించారు. పట్టీ మెడలోనే ఉంది. తీయాలని ఎవరికీ తోచలేదు. నగలా బాగుందని సువర్ణ దానికి బంతిపూలు చుట్టింది. డప్పులతో ఈదమ్మ గద్దె దగ్గరికి తీసుకెళ్ళారు.

తొమ్మిదింటికి పూజారి మొదటి చెంబు పసుపు నీళ్ళు చల్లాడు. దొర నిలబడింది. రెండో చెంబు. నిలబడింది. కుండతో పోశారు. దొర ముక్కు మీది నుంచి నీళ్ళు కారాయి. కళ్ళు మూసి తెరిచింది. అంతే.

పదింటికి ఐదు కుండలు. డప్పు కొట్టేవాళ్ళు చేతులు మార్చుకున్నారు.

"చెవిల పొయ్యండి."

"చెవిల పోస్తే ఎవలైనా ఇదిలిస్తరు, గది అమ్మ ఒప్పుకున్నట్టు కాదు."

"పోసి సూడరాదు!"

చెవిలో పోశారు. చెవి కూడా కదల్లేదు.

పదకొండింటికి మాటలు మారాయి. మొక్కులో లోపం ఉందన్నారు. సువర్ణ అత్తవారింటి నుంచి అంటు తెచ్చిందన్నారు. మొక్కేటప్పుడు కిష్టమ్మ మనసు శుభ్రంగా లేదన్నారు. కిష్టమ్మ గద్దె ముందు బోర్లా పడుకుని తప్పు మన్నించమని వేడుకుంది. సువర్ణ ఎండలో చంటిదాన్ని పట్టుకుని నిలబడింది. చంటిది ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

నాకు సంగతి తెలుసు. దొర విదిలించకపోతే ఇంటికి తీసుకుపోతారు. నోడ్ 1 నడుస్తుంది. నేను పాసవుతాను. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు. నాలుగు గంటలు నిలబడ్డాను. ఈ లాగ్ ఆఫీసుకి పోతుంది కాబట్టి ఆ గంటలు కూడా రాస్తున్నాను.

ఒంటిగంటకి పూజారి, "ఈ పిల్లకు అమ్మ పేరు పెట్టుకోవద్దు, అమ్మ దీన్ని వద్దంటున్నది" అన్నాడు. కిష్టమ్మ లేచి కూర్చుంది. ఏడవలేదు. చంటిదాని వైపు చూసింది.

నేను జంగయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. "తాతా, ఆ పట్టీ తీసెయ్. విదిలిస్తే అది కరుస్తుంది. భయపడి విదిలించట్లేదు."

జంగయ్య నన్ను చూశాడు.

"నీకు ఎప్పటి సంది తెలుసు?"

"ఆరో రోజు నుంచి."

"పొద్దటి సంది పదకొండు కుండలు మోసినం బిడ్డా. నా నడుము పోయింది. గిప్పుడు చెప్తున్నవా?"

పట్టీ తీశాడు. నా చేతిలో పెట్టాడు. పట్టీ మీది ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. ఒకటీ పది.

దొర ముందు నమ్మలేదు. ఒక అడుగు వేసింది. చెవి కదిపింది. ఆగింది. ఏమీ కరవలేదు. ఇంకో చెవి కదిపింది. అప్పుడు రెండేళ్ళ విదిలింపంతా ఒక్కసారిగా విదిలించింది. పూజారి వెనక్కి పడ్డాడు. ముందు వరుసలో ఉన్న సర్పంచి తెల్లచొక్కా నిండా పసుపు. డప్పులు మోగాయి. కిష్టమ్మ చంటిదాన్ని లాక్కుని గద్దె మీద పడుకోబెట్టింది.

సాయంత్రం భోజనాలు. నేనూ తిన్నాను. కూర బాగుంది.

ఒకటీ పది నుంచి లెక్కేస్తే ముప్పై ఆరు గంటలు మిగిలాయి.

రోజు 20

ఎండ. ఊళ్ళో ఎవరి ఫోనూ పలకట్లేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. పలకరించలేదు కూడా.

పొద్దుటి నుంచి పట్టీని ఒక్కో పొట్టేలుకి కట్టి చూస్తున్నాను. పన్నెండు పొట్టేళ్ళు. దీపం వెలగలేదు. చిన్నవి, వాటి నాడి వేగంగా కొట్టుకుంటుంది. పెద్ద గొర్రెలకి కట్టాను. వెలగలేదు. కుక్కకి కట్టబోతే కరవబోయింది.

"నాకు కట్టు" అన్నాడు జంగయ్య. కట్టాను. దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

"ఏమంటది?"

"నీ నాడి సరిగా లేదంటోంది తాతా. బీడీలు మానెయ్యి."

"గొర్రె పట్టీ కూడా నాకు చెప్పొచ్చిందా!"

సాయంత్రం ఆరింటికి అతని మెడ నుంచి విప్పి, చేతులు ఖాళీ చేసుకుందామని నా మెడలో వేసుకున్నాను. దీపం వెలిగింది. ఆకుపచ్చగా, నిలకడగా. ఎక్కడో చేలో ఎవరి ఫోనో మోగింది. పుస్తకంలో చూస్తే దొర నాడి నిమిషానికి డెబ్బై ఆరు. నాదీ అంతే.

జంగయ్య గొంగడి దులిపి నాకిచ్చాడు.

"మంద ఇడిచి పోకు. రేపు ఆరింటికి ఇప్పాలె."

మొత్తం ఆగింది అరవై ఐదు గంటలు. ఇంకా ఏడు మిగిలాయి.

రోజు 22

గాలి మొదలైంది. కిష్టమ్మ తన మంచం, నా మంచం చేలోకి తెచ్చింది. నేను మందలోనే పడుకోవాలి కాబట్టి ఆమె నా పక్కన.

పొద్దున ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది. "నోడ్ 1 మేత తగ్గింది. పశువైద్యుడికి చూపించండి." పట్టీ లెక్క ప్రకారం రోజుకి నాలుగు గంటలు తల కిందికి వంగాలి. అందుకని తల వంచి ఈ లాగ్ రాస్తున్నాను. దాన్ని మేతగా లెక్కేసుకుంటోంది. ఇక్కడి నుంచి లాగ్ పొడుగ్గా ఉంటే కారణం అదే.

తల అడ్డంగా ఊపకూడదని పట్టీ వేసుకున్న మొదటి రోజే తెలిసింది. కిష్టమ్మ ఇంకో రొట్టె వేస్తానంది. వద్దని తల ఊపాను. చురుక్కుమంది. ఆమె వేసింది. తర్వాత పెరుగు. నేను ఊపలేదు. నోటితో వద్దంటే ఆమెకి ఎప్పుడూ వినపడదు.

రోజు 24

ఫోన్లవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఇప్పుడు నా చుట్టూ నిలబడుతున్నారు. నేను కూర్చుంటే సిగ్నల్ తగ్గిందని లేపుతున్నారు.

"కొంచెం నడువమ్మా, మా తమ్ముడు దుబాయిల ఉన్నడు."

నడిచాను.

సర్పంచి కూడా వచ్చాడు. చొక్కా పసుపు పోలేదు. నా పక్కన నిలబడి ఎవరితోనో అరగంట మాట్లాడాడు. వెళ్ళేటప్పుడు అలవాటు కొద్దీ నా వీపు మీద రెండు తట్లు తట్టాడు.

రోజు 26

ఆఫీసు నుంచి ఉత్తరం. సువర్ణ చంటిదాన్ని ఎత్తుకుని అందరికీ వినపడేలా చదివింది.

"గత ఆరు రోజులుగా నోడ్ 1 పనితీరు జిల్లాలోనే మొదటి స్థానంలో ఉంది. నడక క్రమంగా ఉంది, విదిలింపులు దాదాపు లేవు. ఈ పొట్టేలుని అమ్మరాదు, కోయరాదు. జాతి అభివృద్ధికి నిలుపుకోగలరు."

జంగయ్య కింద కూర్చుని నవ్వాడు. లేవలేకపోయాడు. కిష్టమ్మ అతన్ని కొంగుతో కొట్టింది.

"నవ్వకు ముసలోడా. ఆడపిల్ల."

నేను నవ్వాను. నవ్వితే తల ఊగింది. రెండుసార్లు చురుక్కుమంది.

పెళ్ళిచూపుల అబ్బాయి చిరిగిన చొక్కాకి కుట్టు వేయించుకుని వచ్చాడు. సంబంధం కుదిరింది. ఇంతదూరం వెంట నడిచేవాడు ఎక్కడికైనా వస్తాడని ఆ అమ్మాయి అన్నదట.

రోజు 27

సన్న వాన.

దాచడం కుదరదు. ఈ లాగ్ ఎలాగూ పోతుంది. ప్రసూన మేడంకి నేనే ఫోన్ చేశాను.

"మేడం, ఉత్తరం అందింది. నోడ్ 1 ఇప్పుడు నేనే."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"లైను ఉందా?" అంది.

"ఉంది మేడం. కదలకుండా నిలబడ్డాను."

"ఎప్పటి నుంచి?"

చెప్పాను. జాతర సంగతీ, నాలుగు గంటలు ఊరుకున్న సంగతీ కూడా. కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"పట్టీ ఎవరికి వేయాలని రాసుంది?"

"ప్రాణమున్న, నాడి సరిపోయిన, మందతో నడిచే దానికి అని ఉంది మేడం."

"కాళ్ళెన్నో రాసుందా?"

"లేదు."

"మరి ఇంకేం? ఇంకో మూడు రోజులు తల ఊపకు." పెట్టేయబోతూ ఆగింది. "ఆ ఫారంలో నాలుగో గడి ఒకటి వేయించాలి. ఏమని వేయించను?"

"మొక్కు అని వేయించండి మేడం. ప్రతి జాతరకీ వస్తుంది."

రోజు 30

తెల్లారి వాన వెలిసింది. నేల మెత్తగా ఉంది. గొర్రెలు ఒళ్ళు విదిలించుకున్నాయి.

ఆఫీసు మనిషి ఆరింటికి సీలుతో వచ్చాడు. జంగయ్యని అడిగాకే పొట్టేలుని ఎంచాడు. జంగయ్య ఎవరూ మొక్కనిదాన్ని, ఒక కొమ్ము విరిగినదాన్ని చూపించాడు. కొత్త పట్టీ కట్టారు. వెలిగింది. నా పట్టీ విప్పారు. మెడ చుట్టూ తెల్లటి గీత మిగిలింది.

నోడ్ 1 నడిచింది తొంభై పాయింట్ తొమ్మిది శాతం. పాస్.

కిష్టమ్మ రొట్టెల మూట కట్టింది. ఎక్కువని తల ఊపబోయి ఆగాను. తర్వాత గుర్తొచ్చి, ఊపాను. ఏమీ కరవలేదు. ఆమె ఇంకో రెండు పెట్టింది.

జంగయ్య మందని వాగు వైపు తోలుకుపోయాడు, ఆరున్నరకి. ఆఫీసు మనిషి సైకిల్ మీద వెళ్ళాడు, ఏడుంబావుకి. నోడ్ 1 బస్సెక్కింది, ఏడూ నలభైకి.